ప్లాన్ మార్చాక సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే: అన్‌ఇన్‌స్టాల్ చేసే ముందు చేయాల్సిన పనులు

ప్లాన్ మార్చారు. డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, ఇన్‌వాయిస్ కూడా మెయిల్‌లో పడింది. తీరా వర్డ్ తెరిస్తే పైన 'అన్‌లైసెన్స్‌డ్ ప్రోడక్ట్' అని కనిపిస్తోంది. మెనూలన్నీ బూడిద రంగులోకి మారిపోయాయి, ఒక్క అక్షరం టైప్ కావడం లేదు. ఫోటోషాప్ వాడేవాళ్లకైతే ట్రయల్ ముగిసింది, కొనుక్కోండి అంటూ ఒక తెర అడ్డం పడుతుంది. డబ్బు తీసుకున్నవాళ్లే మళ్లీ డబ్బు అడిగితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఆ మంటలో చాలామంది మొట్టమొదట చేసేది సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయడం. అది ఆఖర్న చేయాల్సిన పని. లోపం కంప్యూటర్‌లో లేనప్పుడు ఎన్నిసార్లు తీసి వేసినా అదే మెసేజ్ వస్తుంది. పైగా కొత్త ప్లాన్‌లో డెస్క్‌టాప్ యాప్ లేకపోతే తిరిగి వేసుకుందామన్నా డౌన్‌లోడ్ బటన్ కనిపించదు. అప్పటిదాకా కనీసం ఫైళ్లు తెరిచి చూసుకోవడానికి, ప్రింట్ తీసుకోవడానికి పనికొచ్చింది కూడా చేజారుతుంది. కాబట్టి ముందు లైసెన్సు ఎక్కడ తెగిందో పట్టుకుందాం.

లైసెన్సు మూడు చోట్ల ఉంటుంది

ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ కొంటే డబ్బాలో సీడీ, దానితోపాటు ఒక కీ వచ్చేవి. ఆ కీ మీ దగ్గరుంటే చాలు, కంపెనీతో పని లేదు. అడోబీ ఆ పద్ధతికి 2013లో మంగళం పాడింది. 2012 నాటి సీఎస్6 తర్వాత ఫోటోషాప్, ఇల్లస్ట్రేటర్ లాంటివి శాశ్వత లైసెన్సుతో రాలేదు. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ 2016లో అదే దారి పట్టింది. ఇప్పుడు మన చేతిలో కీ లేదు, అకౌంట్ మాత్రమే ఉంది. ఆ అకౌంట్ చుట్టూ ఉండే లైసెన్సు మూడు చోట్ల నమోదవుతుంది.

మొదటిది బిల్లింగ్. ఏ సబ్‌స్క్రిప్షన్ నడుస్తోంది, ఎన్ని సీట్లు (అంటే ఎంతమంది వాడుకోవచ్చు), ఎప్పటిదాకా అన్నది అక్కడ ఉంటుంది. రెండోది అకౌంట్. ఆ సీట్లలో ఒకటి ఫలానా మెయిల్ ఐడీకి ఇచ్చారని అక్కడ రాసి ఉంటుంది. మూడోది మీ కంప్యూటర్. సాఫ్ట్‌వేర్ సర్వర్‌ని అడిగి తెచ్చుకున్న అనుమతిని డిస్క్‌లో దాచుకుంటుంది. తెరిచిన ప్రతిసారీ సర్వర్‌ని అడగదు. మైక్రోసాఫ్ట్ 365 యాప్స్ కనీసం 30 రోజులకోసారి ఇంటర్నెట్‌కి తగిలి అనుమతి తాజా చేసుకోవాలి. అడోబీ అయితే నెలవారీ ప్లాన్‌కి 30 రోజులు, వార్షిక ప్లాన్‌కి 99 రోజుల దాకా ఇంటర్నెట్ లేకపోయినా పనిచేయనిస్తుంది.

ప్లాన్ మార్చినప్పుడు కచ్చితంగా మారేది మొదటిదే. రెండోది కొన్ని కంపెనీల్లో దానంతటదే మారుతుంది, కొన్నిచోట్ల అడ్మిన్ (సంస్థలో అకౌంట్లు చూసుకునే మనిషి) చేత్తో మార్చాలి. మూడోదానికి ఈ సంగతి తెలియాలంటే సాఫ్ట్‌వేర్ మళ్లీ సర్వర్‌ని పలకరించాలి. అందుకే ప్లాన్ మార్చిన రోజు అన్నీ బాగానే నడిచి, రెండు మూడు వారాలు గడిచాక ఉన్నట్టుండి యాప్ లాక్ కావచ్చు. అప్పటికి ప్లాన్ మార్చిన విషయమే మనకు గుర్తుండదు, నిన్న వచ్చిన అప్‌డేట్‌ని తిట్టుకుంటాం.

ఈ మూడింట్లో ఏది తప్పిందో తేల్చే పరీక్ష చిన్నదే. బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరవండి. మామూలు విండో వద్దు, అందులో పాత లాగిన్లు దాక్కుని ఉంటాయి. ఆ కంపెనీ అకౌంట్ పేజీలోకి లాగిన్ అయి సబ్‌స్క్రిప్షన్ల విభాగం చూడండి. కొత్త ప్లాన్ పేరు, దాని కింద మీకు కావాల్సిన యాప్, పక్కన డౌన్‌లోడ్ బటన్ మూడూ ఉంటే సర్వర్ వైపు అంతా సవ్యంగా ఉన్నట్టే, గొడవ మీ కంప్యూటర్‌లో ఉంది. ప్లాన్ కనిపిస్తోంది గానీ యాప్ లేదంటే ఆ ప్లాన్‌లో ఆ యాప్ లేదు, లేదా సీటు మీకు ఇవ్వలేదు. ప్లానే కనిపించకపోతే రెండు అనుమానాలు: డబ్బు ఇంకా చేరలేదు, లేదా మీరు వేరే అకౌంట్‌లో ఉన్నారు. నా మటుకు రెండోదాన్నే ముందు అనుమానిస్తాను.

1. కొత్త ప్లాన్‌లో ఆ యాప్ ఉందో లేదో చూడండి

ఇది మరీ చిన్న విషయంలా అనిపిస్తుంది. కానీ ప్లాన్ల పేర్లు చూస్తే పొరపాటు పడనివాళ్లే అరుదు. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ బేసిక్‌లో వర్డ్, ఎక్సెల్ ఉన్నాయనే రాసి ఉంటుంది. ఉన్న మాట నిజమే, బ్రౌజర్‌లో, ఫోన్‌లో. కంప్యూటర్‌లో వేసుకునే యాప్‌లు కావాలంటే బిజినెస్ స్టాండర్డ్ గానీ, ప్రీమియం గానీ, యాప్స్ ఫర్ బిజినెస్ గానీ తీసుకోవాలి. పెద్ద సంస్థల ప్లాన్లలోనూ ఇదే తేడా: ఈ1 (E1) అనే ప్లాన్‌లో డెస్క్‌టాప్ యాప్‌లు లేవు, ఈ3 (E3)లో ఉన్నాయి. ఖర్చు తగ్గించుకుందామని ఈ3 నుంచి ఈ1కి దిగినవాళ్ల కంప్యూటర్లలో ఆఫీస్ అలాగే కనిపిస్తుంది, ఐకాన్లు ఉంటాయి, తెరుచుకుంటుంది కూడా. ఎడిట్ చేయబోతే మాత్రం ససేమిరా అంటుంది. దీనికి రిపేరు లేదు. ప్లాన్ మళ్లీ మార్చుకోవాలి, లేదంటే బ్రౌజర్‌లో పని కానివ్వాలి.

కొన్ని తేడాలు ప్లాన్ పోలిక పట్టికలో వెతికితే తప్ప కనబడవు. ఒకే సర్వర్‌లోకి చాలామంది రిమోట్‌గా లాగిన్ అయి ఆఫీస్ వాడే చోట్ల 'షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్' అనే సదుపాయం ఉండాలి. అది బిజినెస్ ప్రీమియంలో ఉంది, బిజినెస్ స్టాండర్డ్‌లో లేదు. ఈ3 నుంచి స్టాండర్డ్‌కి మారిన సంస్థలో సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు అంతా మామూలుగానే ఉండి, రిమోట్ సర్వర్‌లో పనిచేసేవాళ్లకు మాత్రమే ఆఫీస్ ఆగిపోతుంది. ఇది తెలియని అడ్మిన్ నెట్‌వర్క్‌ని తవ్వుతూ కూర్చుంటాడు.

టీమ్స్ సంగతి కూడా చూసుకోండి. 2024 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ కొత్తగా అమ్మే ఎంటర్‌ప్రైజ్ (పెద్ద సంస్థల) ప్లాన్ల నుంచి టీమ్స్‌ని విడదీసింది, అప్పటి నుంచి టీమ్స్ లేని ప్లాన్లూ ఉన్నాయి. పాత ప్లాన్‌లో కలిసి ఉంది కదా, కొత్తదాంట్లోనూ ఉంటుందిలే అనుకుంటే మారిన మర్నాడు మీటింగులు ఉండకపోవచ్చు. ప్రాజెక్ట్, విజియో డెస్క్‌టాప్ యాప్‌లకైతే మొదటి నుంచీ వేరే లైసెన్సే.

ఇంటి ప్లాన్లలో ఎక్కువగా తగిలే దెబ్బ ఫ్యామిలీ నుంచి పర్సనల్‌కి మారినప్పుడు. మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీని 6 మంది దాకా పంచుకోవచ్చు, పర్సనల్ ఒక్కరికే. ప్లాన్ మార్చినవాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు, లాక్ అయ్యేది తతిమ్మా అయిదుగురికి. వాళ్లకు ప్లాన్ మారిందన్న సంగతే తెలియదు కాబట్టి తమ కంప్యూటర్ పాడైందనుకుంటారు.

2. ఏ అకౌంట్‌తో లోపలికి వెళ్లారు?

వర్డ్‌లో ఫైల్ మెనూ తెరిచి, కింద ఉన్న అకౌంట్ మీద నొక్కండి. ఎడమ వైపు మీ పేరు, మెయిల్ ఐడీ ఉంటాయి. కుడి వైపు ప్రోడక్ట్ పేరు, దాని కింద 'బిలాంగ్స్ టు' అంటూ ఒక మెయిల్ ఐడీ ఉంటాయి. ఎడమ వైపుది మీరు ఎవరిగా లాగిన్ అయ్యారో చెబుతుంది. కుడి వైపుది ఈ ఆఫీస్ ఎవరి లైసెన్సు మీద నడుస్తోందో చెబుతుంది. రెండూ ఒకటే అయి తీరాలని లేదు. మీ ఎడమ వైపు కొత్త ఐడీ, కుడి వైపు ఎప్పుడో మానేసిన పాత ఐడీ కనిపిస్తే దొంగ దొరికినట్టే. సాఫ్ట్‌వేర్ ఇంకా పాత లైసెన్సునే పట్టుకుని వేలాడుతోంది. దీన్ని ఎలా విడిపించాలో 4లో చెబుతాను.

ఇంతకంటే తిరకాసు వ్యవహారం ఒకటుంది. ఒకే మెయిల్ ఐడీ మీద రెండు అకౌంట్లు ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్‌లో అవి వ్యక్తిగత అకౌంట్, ఆఫీసు లేదా స్కూలు అకౌంట్. అడోబీలో వాటిని ప్రొఫైల్స్ అంటారు. పాస్‌వర్డ్ కొట్టాక 'పర్సనల్ ప్రొఫైల్' కావాలా, కంపెనీ పేరున్న ప్రొఫైల్ కావాలా అని అడుగుతుంది. వ్యక్తిగత ప్లాన్ నుంచి టీమ్ ప్లాన్‌కి మారినవాళ్లు అలవాటు చొప్పున పాత ప్రొఫైల్ నొక్కేస్తారు, అక్కడ ప్లాన్ ఏమీ ఉండదు, యాప్ ట్రయల్ అంటుంది. సైన్ అవుట్ చేసి, మళ్లీ వచ్చి, రెండో ప్రొఫైల్ ఎంచుకుంటే యాప్ తెరుచుకుంటుంది. క్లౌడ్‌లో దాచుకున్న ఫైళ్లు కూడా ప్రొఫైల్‌కొక చోట వేరుగా ఉంటాయి. కాబట్టి ఫైళ్లు పోయాయని కంగారు పడకుండా ముందు ఆ పాత ప్రొఫైల్‌లోకి వెళ్లి చూడండి.

ఫోన్‌లో యాప్ స్టోర్ ద్వారా సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఆపిల్‌తో లాగిన్ అయ్యేటప్పుడు మెయిల్ దాచే ఎంపిక నొక్కి ఉంటే, ఆ కంపెనీ దగ్గర మీ పేరు మీద ఉన్నది మీ అసలు మెయిల్ కాదు, ఆపిల్ సృష్టించిన పొడవాటి మారు మెయిల్. తర్వాత ఎప్పుడో కంప్యూటర్‌లో అసలు మెయిల్ కొట్టి ప్లాన్ పెంచుకుంటే రెండు అకౌంట్లు, రెండు బిల్లులు తయారవుతాయి. స్టోర్‌లో కొన్న సబ్‌స్క్రిప్షన్‌ని మార్చాలన్నా, ఆపాలన్నా స్టోర్‌లోనే చేయాలి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఎంత వెతికినా ఆ బటన్ ఉండదు.

ఏ అకౌంట్ అసలుదో తేల్చుకోవడానికి ఇన్‌వాయిస్ మెయిల్ చూడండి. అది ఏ ఐడీకి వచ్చిందో, లోపల కస్టమర్ ఐడీగా ఏం రాశారో చూసి, అదే ఐడీతో లాగిన్ అవండి. జ్ఞాపకాన్ని నమ్మకండి.

3. సీటు మీ పేరు మీద ఉందా?

ఒంటరిగా వాడుకునేవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు. సంస్థ ద్వారా వాడేవాళ్లకు గొడవ చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

అడ్మిన్ 20 సీట్లు కొన్నంత మాత్రాన 20 మందికి యాప్ రాదు. ఎవరెవరికి ఇచ్చారన్నది విడిగా నమోదు చేయాలి. మైక్రోసాఫ్ట్ అడ్మిన్ సెంటర్‌లో అయితే యూజర్ల జాబితాలో మీ పేరు మీద నొక్కి, లైసెన్సులు, యాప్స్ అన్న భాగం తెరవాలి. కొత్త ప్లాన్ పక్కన టిక్ ఉందో లేదో చూస్తే సరిపోదు. కింద ఆ ప్లాన్‌లోని యాప్‌ల జాబితా విప్పి చూడాలి. ప్లాన్‌కి టిక్ ఉండి, లోపల డెస్క్‌టాప్ యాప్‌ల దగ్గర మాత్రం టిక్ తీసేసి ఉండొచ్చు. ఎప్పుడో ఎవరో ఏదో కారణంగా తీసి ఉంటారు. ఆటోడెస్క్‌లోనూ పద్ధతి దాదాపు ఇదే: కొన్న మనిషి యూజర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ప్రోడక్ట్‌ని వాడే మనిషికి కేటాయించాలి.

గ్రూపుల ద్వారా లైసెన్సులిచ్చే చోట రెండు కారణాల వల్ల కొందరికి రాకుండా పోతుంది. ఒకటి, సీట్లు చాలకపోవడం. గ్రూపులో 52 మంది ఉండి 50 సీట్లే కొంటే ఇద్దరు బయట ఉండిపోతారు, ఎవరా ఇద్దరన్నది వాళ్లు ఫోన్ చేస్తే గానీ తెలియదు. రెండు, పాత ప్లాన్‌లోని సేవ, కొత్త ప్లాన్‌లోని సేవ ఒకే మనిషి మీద కలిసి ఉండకూడనివి కావడం. అప్పుడు కొత్తది అంటుకోదు. గ్రూపు లైసెన్సుల పేజీలో తప్పుల జాబితా వేరుగా ఉంటుంది, అడ్మిన్ దాన్ని ఒకసారి చూస్తే పేర్లతో సహా బయటపడుతుంది.

సీటు ఇప్పుడే ఇచ్చారనుకోండి, వెంటనే ఏమీ కాకపోతే కంగారు పడొద్దు. మామూలుగా నిమిషాల్లో పని అవుతుంది, కానీ 24 గంటల దాకా పట్టొచ్చు. ఈ ఒక్క చోట ఓపిక పట్టడం నిజంగా పని చేస్తుంది. ఆత్రంగా టిక్ తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తుంటే అసలు ఏ మార్పు ఎప్పుడు అంటుకుందో మీకే తెలియకుండా పోతుంది.

అడ్మిన్‌లకు ఒక మాట. కొత్త లైసెన్సు ఇచ్చాకే పాతది తీయండి. పాతది ముందు తీసేసి, కొత్తది రేపు ఇద్దాంలే అనుకుంటే ఆ సందులో మెయిల్‌బాక్స్ లైసెన్సు లేనిదవుతుంది. డేటా 30 రోజులు భద్రంగానే ఉంటుంది కానీ, ఈలోగా ఆ మనిషి మెయిల్ ఆగిపోతుంది.

4. కంప్యూటర్‌లో పాత అనుమతిని వదిలించడం

సర్వర్ వైపు అంతా సరిగ్గా ఉందని రూఢి అయ్యాకే ఇక్కడికి రండి. చేసే వరుస ముఖ్యం.

సేవ్ చేయని పనేమన్నా తెరిచి ఉంటే ముందు దాన్ని కాపాడుకోండి. సేవ్ బటన్ పనిచేయకపోతే మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లోనో బ్రౌజర్‌లోని డాక్యుమెంట్‌లోనో అతికించండి. ఫార్మాటింగ్ పోతుంది, రాసింది మిగులుతుంది.

తర్వాత కంప్యూటర్ తేదీ, సమయం, టైమ్ జోన్ చూడండి. నవ్వకండి. లైసెన్సు అనుమతులకు గడువు తేదీలుంటాయి. గడియారం ముందుకో వెనక్కో జరిగి ఉంటే సర్వర్ ఇచ్చిన అనుమతి చెల్లదని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. సెట్టింగ్స్‌లో సమయం ఆటోమేటిక్‌గా ఉండేలా పెట్టండి. వీపీఎన్ ఉంటే కాసేపు ఆపండి.

ఇప్పుడు యాప్‌లోంచి సైన్ అవుట్ చేయండి. ఆ కంపెనీ యాప్‌లన్నీ మూసేయండి. ఆఫీస్ అయితే అవుట్‌లుక్, టీమ్స్, వన్‌డ్రైవ్ కూడా మూయాలి, ఎందుకంటే ఇవన్నీ ఒకే లాగిన్‌ని పంచుకుంటాయి, ఒక్కటి తెరిచి ఉన్నా పాత లాగిన్ బతికే ఉంటుంది. గడియారం పక్కన చిన్న ఐకాన్లుగా నడుస్తుండేవాటిని మర్చిపోకండి. కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి, ఒకే ఒక్క యాప్ తెరిచి, సరైన ఐడీతో లాగిన్ అవండి. సగం కేసులు ఇక్కడితో తెగిపోతాయని నా అంచనా.

తెగకపోతే డివైజ్‌ల సంఖ్య చూడండి. అడోబీ వ్యక్తిగత ప్లాన్‌ని 2 కంప్యూటర్లలో యాక్టివేట్ చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ 365 పర్సనల్, ఫ్యామిలీల్లో ఒక్కొక్కరు ఒకేసారి 5 డివైజ్‌లలో లాగిన్ అయి ఉండొచ్చు. అమ్మేసిన ల్యాప్‌టాప్, ఆఫీసులో వదిలేసిన కంప్యూటర్ ఇంకా లెక్కలో ఉండొచ్చు. వెబ్‌లో అకౌంట్ పేజీలోకి వెళ్లి వాటిని సైన్ అవుట్ చేయించండి. ఆ యంత్రం మీ దగ్గర ఉండక్కర్లేదు.

అప్పటికీ ఆఫీస్ పాత ఐడీనే చూపిస్తుంటే విండోస్ దాచుకున్న లాగిన్లను తీయాలి. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ మీద నొక్కండి. జాబితాలో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 16 అనే మాటలతో మొదలయ్యేవి కనిపిస్తాయి. ఒక్కొక్కటి విప్పి రిమూవ్ నొక్కండి. వాటిని మాత్రమే తీయండి, పక్కన ఉండేవి మీ నెట్‌వర్క్ పాస్‌వర్డులు. మ్యాక్‌లో ఇదే పని కీచైన్ యాక్సెస్‌లో ఉంటుంది. అంతకంటే సులువుగా, మ్యాక్ ఆఫీస్ లైసెన్సులు తుడిచేయడానికే మైక్రోసాఫ్ట్ ఒక చిన్న టూల్ ఇస్తోంది, వాళ్ల సపోర్ట్ సైట్ నుంచి దించుకోవచ్చు. విండోస్‌లోనైతే 'గెట్ హెల్ప్' యాప్‌లో ఆఫీస్ యాక్టివేషన్ సమస్యను వెతికితే కొన్ని పరీక్షలు అదే చేసి పెడుతుంది.

విండోస్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కింద ఆఫీసు, స్కూలు లాగిన్ల భాగం ఒకటుంది. అక్కడ పాత సంస్థ పేరు ఇంకా కనెక్ట్ అయి ఉంటే తీసేయొచ్చు. కానీ అది సంస్థ ఇచ్చిన కంప్యూటర్ అయితే ఆ బటన్ జోలికి మీరు వెళ్లకండి. ఐటీవాళ్లను అడగండి. దాన్ని తెంపితే కొన్నిసార్లు కంప్యూటర్‌లోకి లాగిన్ అవడమే కష్టమవుతుంది.

ఒకప్పుడు క్రాక్ చేసిన అడోబీ వేసి ఉన్న కంప్యూటర్లకు ప్రత్యేకమైన రోగం ఉంటుంది. ఆ క్రాక్‌లు అడోబీ సర్వర్ల చిరునామాలను విండోస్ హోస్ట్స్ ఫైల్‌లో (ఏ చిరునామా ఎక్కడికి వెళ్లాలో కంప్యూటర్ చూసుకునే చిన్న ఫైల్) అడ్డుకుని పెడతాయి. ఇప్పుడు డబ్బు కట్టి నిజాయితీగా వాడుకుంటున్నా యాప్‌కి సర్వర్ దొరకదు. ఆ ఫైల్‌లో అడోబీ పేరున్న వరుసలు తీసేస్తే పని అవుతుంది. కంప్యూటర్ ఇంతకుముందు ఎవరి చేతుల్లో ఉందో తెలియకపోతే ఒకసారి చూడటం మంచిది.

5. నిజంగానే తీసి వేయాల్సి వస్తే

ఒక సందర్భంలో రీఇన్‌స్టాల్‌కి అర్థం ఉంది. మైక్రోసాఫ్ట్ యాప్స్ ఫర్ బిజినెస్, యాప్స్ ఫర్ ఎంటర్‌ప్రైజ్ చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి గానీ రెండు వేర్వేరు ప్రోడక్టులు. బిజినెస్ ప్లాన్ నుంచి ఈ3కి గానీ, అటు నుంచి ఇటు గానీ మారినప్పుడు కంప్యూటర్‌లో ఉన్నదానికీ కొత్త లైసెన్సుకీ జత కుదరకపోవచ్చు. ఇందాక చెప్పిన అకౌంట్ తెరలో కుడి వైపు పాత ప్రోడక్ట్ పేరే కనిపిస్తూ, 4లో చెప్పినవన్నీ చేసినా మారకపోతే, అప్పుడు తీసి వేయండి. కొత్త కాపీని మీ అకౌంట్ పేజీ నుంచే దించుకోండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మిగిలిన పాత ఇన్‌స్టాలర్ వాడితే పాత ప్రోడక్టే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

తీసే ముందు దాచుకోవాల్సినవి ఉన్నాయి. అవుట్‌లుక్‌లో పీఎస్‌టీ ఫైళ్లు (మెయిళ్లను మీ కంప్యూటర్‌లోనే దాచేవి) వాడుతుంటే వాటిని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అవి సర్వర్‌లో ఉండవు. ఓఎస్‌టీ ఫైళ్లకు భయం లేదు, అవి సర్వర్ మెయిల్‌బాక్స్‌కి నకళ్లే కాబట్టి మళ్లీ తయారవుతాయి. వర్డ్‌లో మీరు చేసుకున్న టెంప్లేట్లు, ఎక్సెల్ మాక్రోలు, ఫోటోషాప్ బ్రష్‌లు, యాక్షన్లు, విడిగా కొన్న ప్లగిన్ల పేర్లు, వాటి కీలు కూడా ఒక చోట పెట్టుకోండి. ఆఫీస్ 32 బిట్‌దో 64 బిట్‌దో రాసి పెట్టుకోండి. పాత ప్లగిన్ 32 బిట్‌ది అయితే 64 బిట్ ఆఫీస్‌లో పనిచేయదు, అది ఇంకో రోజు పని.

తీసేటప్పుడు విండోస్ సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా నుంచి తీయండి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ డిలీట్ చేస్తే పోతుందిలే అనుకోవద్దు, సగం పోయి సగం మిగులుతుంది.

6. ఈలోగా ఫైళ్లు, గడువులు

యాప్ తెరుచుకోకపోవడం చికాకు. అసలు దెబ్బ తగిలేది ఫైళ్లకు గడువు దాటినప్పుడు. ఆ గడువులు యాప్ లాక్ అయిన రోజు నుంచి లెక్క కావు, సబ్‌స్క్రిప్షన్ ముగిసిన రోజు నుంచో, లైసెన్సు తీసిన రోజు నుంచో మొదలవుతాయి.

మైక్రోసాఫ్ట్ వ్యాపార సబ్‌స్క్రిప్షన్లలో చాలావాటికి ముగిశాక 30 రోజులు మామూలుగా పనిచేసే దశ, తర్వాత 90 రోజులు అడ్మిన్ మాత్రమే లోపలికి వెళ్లగలిగే దశ ఉంటాయి. ఆ తర్వాత చెరిపేస్తారు. వన్‌డ్రైవ్‌కి ఇంకో లెక్క కూడా తోడైంది: 2025 జనవరి 27 నుంచి, సంస్థల్లో లైసెన్సు లేకుండా 93 రోజులు దాటిన వన్‌డ్రైవ్ అకౌంట్లను అందుబాటు నుంచి తప్పిస్తున్నారు. వ్యక్తిగత ప్లాన్ ఆపేసినవాళ్లకు వన్‌డ్రైవ్‌లో మిగిలేది ఉచితంగా ఇచ్చే 5 జీబీ. అంతకు మించి ఉంటే చూసుకోవచ్చు, దించుకోవచ్చు, కొత్తవి ఎక్కించలేరు. గూగుల్ స్టోరేజ్ ప్లాన్ అయిన గూగుల్ వన్ ఆపేస్తే ఉచిత హద్దు 15 జీబీ. దాటితే జీమెయిల్‌కి కొత్త మెయిళ్లు రావడమే ఆగిపోతుంది, 2 ఏళ్లు అలాగే వదిలేస్తే ఫైళ్లు చెరిపేసే హక్కు గూగుల్ ఉంచుకుంది.

మెయిల్‌బాక్స్ కొలత తగ్గితే వచ్చే తంటా కూడా చెప్పుకోవాలి. మైక్రోసాఫ్ట్ మెయిల్ సేవ ఎక్స్చేంజ్ ఆన్‌లైన్ ప్లాన్ 2లో 100 జీబీ, ప్లాన్ 1లో 50 జీబీ. 70 జీబీ మెయిల్ ఉన్న మనిషిని ప్లాన్ 1కి దించితే పాత మెయిల్ పోదు గానీ, పంపడం, అందుకోవడం ఆగుతాయి. ముందు ఖాళీ చేశాకే దించాలి.

అర్జెంటుగా ఫైల్ ఎడిట్ చేయాల్సి వస్తే దారులున్నాయి. ఉచిత మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో బ్రౌజర్‌లో వర్డ్, ఎక్సెల్ వాడుకోవచ్చు. లిబ్రే ఆఫీస్ ఉచితం, వర్డ్ ఫైళ్లు తెరుస్తుంది, క్లిష్టమైన లేఅవుట్ మాత్రం కాస్త అటూ ఇటూ కావచ్చు. లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్లు మరీ బెంగ పెట్టుకోనక్కర్లేదు. సబ్‌స్క్రిప్షన్ పోయినా అది తెరుచుకుంటుంది, ఫోటోలు చూసుకోవచ్చు, ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. డెవలప్, మ్యాప్ భాగాలు, సింక్ ఆగిపోతాయి. ప్రోగ్రామర్ల సాఫ్ట్‌వేర్ చేసే జెట్‌బ్రెయిన్స్ ఇంకా ఉదారం: వరసగా 12 నెలలు కట్టినవాళ్లకు ఒక పాత వెర్షన్ మీద శాశ్వత హక్కు మిగులుస్తుంది. మిగతా కంపెనీలు ఈ పద్ధతి ఎందుకు పాటించవో నాకు అర్థం కాదు, అంటే అర్థమవుతుందనుకోండి.

7. కంపెనీకి ఫిర్యాదు చేసేటప్పుడు

సపోర్ట్ నంబర్ కోసం సెర్చ్ చేయకండి. సెర్చ్‌లో పైకి వచ్చే నంబర్లలో మోసగాళ్లవి ఉంటాయి. వాళ్లు రిమోట్‌గా మీ కంప్యూటర్ తీసుకుని బాగు చేస్తామంటారు. మీ అకౌంట్ పేజీలోకి లాగిన్ అయ్యాక కనిపించే సహాయం బటన్‌తోనే మొదలుపెట్టండి.

మొదటి మెసేజ్‌లోనే ఇవన్నీ రాస్తే రెండు మూడు రోజుల ఉత్తర ప్రత్యుత్తరాలు తప్పుతాయి: పాత ప్లాన్ పేరు, కొత్త ప్లాన్ పేరు, మార్చిన తేదీ, ఆర్డర్ నంబర్, లాగిన్ అవుతున్న మెయిల్ ఐడీ, వెబ్‌లో అకౌంట్ పేజీ స్క్రీన్‌షాట్, యాప్‌లో వచ్చే తప్పు మెసేజ్ స్క్రీన్‌షాట్. కార్డు నంబర్ పూర్తిగా ఎవరికీ ఇవ్వకండి, చివరి 4 అంకెలు చాలు. రాసే తీరు ఇలా ఉండొచ్చు: 'ఫలానా తేదీన ఫలానా ప్లాన్ నుంచి ఫలానా ప్లాన్‌కి మారాను. వెబ్‌లో కొత్త ప్లాన్ కనిపిస్తోంది, యాప్‌లో మాత్రం లైసెన్సు లేదంటోంది. సైన్ అవుట్ చేసి, రీస్టార్ట్ చేసి, దాచుకున్న లాగిన్లు తీసి చూశాను. ఈ ఆర్డర్‌కి సంబంధించిన లైసెన్సు నా అకౌంట్‌కి జత అయిందో లేదో మీ వైపు చూసి చెప్పండి.' ఇందులో మీరు అడుగుతున్నది ఒక్కటే ప్రశ్న. రీఇన్‌స్టాల్ చేసి చూడండి అని తప్పించుకునే వీలు వాళ్లకు ఇవ్వలేదు.

ప్లాన్ వెనక్కి మార్చుకోవాలనుకుంటే రోజులు లెక్కపెట్టుకోండి. అడోబీలో కొన్న 14 రోజుల్లోపు రద్దు చేసుకుంటే మొత్తం వాపసు ఇస్తారు. మైక్రోసాఫ్ట్ వ్యాపార సబ్‌స్క్రిప్షన్లకు ఆ గడువు 7 రోజులే. అది దాటితే ఏడాది ప్లాన్‌లో సీట్లు తగ్గించుకోవడానికి రెన్యూవల్ దాకా ఆగాలి. సపోర్ట్‌వాళ్లు రేపు చూస్తాం, ఎల్లుండి చూస్తాం అంటూ ఈ గడువు దాటించకుండా చూసుకోండి. సమస్య తేలకపోతే 5వ రోజునే రద్దు చేస్తానని రాతపూర్వకంగా చెప్పండి.

కోపంలో బ్యాంకుకి ఫోన్ చేసి ఆ చెల్లింపుని వెనక్కి లాగితే చాలా కంపెనీలు అకౌంట్ మొత్తాన్నే నిలిపేస్తాయి, దాంతో ఫైళ్లు కూడా అందకుండా పోతాయి. ఆ పని చేయాల్సి వస్తే క్లౌడ్‌లోని ఫైళ్లన్నీ దించుకున్నాకే చేయండి.

మళ్లీ మార్చాల్సి వస్తే

పాత ప్లాన్ గడువు చివరి రోజున కాకుండా కనీసం వారం ముందు మార్చండి, రెండూ కొన్ని రోజులు పక్కపక్కన నడవనివ్వండి. సంస్థ అయితే ముందు ఒక్క మనిషిని మార్చి, అతని చేత అవుట్‌లుక్, ఎక్సెల్, రిమోట్ సర్వర్, టీమ్స్ మీటింగ్ అన్నీ ఒక రోజంతా వాడించి, ఆ తర్వాత మిగతావాళ్లను ముట్టుకోండి. రోజూ ఒకరకం పని చేసే మనిషిని ఎంచుకోకండి. ఎక్సెల్‌లో మాక్రోలు నడిపేవాళ్లు, రెండు కంప్యూటర్లు వాడేవాళ్లు దొరికితే వాళ్ల మీదే ముందు ప్రయోగించండి. మార్చబోయే ముందు అకౌంట్ తెర స్క్రీన్‌షాట్ ఒకటి తీసి పెట్టుకుంటే, తర్వాత ఏం మారిందో వెతుక్కునే పని తప్పుతుంది.